కెమెరా లేకపోయినా అడవి గద్దల లెక్కకు సాయపడగలనా?

కెమెరా లేదు, పక్షుల గురించి చదువుకోలేదు, నేనేం చేయగలను అని అడిగారు. తప్పకుండా చేయగలరు. ఆరేళ్లుగా మారేడుమిల్లి ఘాట్‌లో నేను చేస్తున్నది ఇదే. ఒక పాత బైనాక్యులర్, చూసిన పక్షుల లిస్టు పంపడానికి ఫోన్‌లో ఈబర్డ్ యాప్, వీటితోనే మొదలుపెట్టాను.

అడవి గద్దలు ఆకుల చాటున కదలకుండా కూర్చుంటాయి. అందుకే ముందు చెవిని అలవాటు చేసుకోండి. పాముల గద్ద ఈల వేసినట్టు అరుస్తూ చక్కర్లు కొడుతుంది. రెక్కల కింద వెడల్పాటి తెల్ల పట్టీ కనబడితే అదే. గాలి వేడెక్కాక, ఉదయం తొమ్మిది దాటాక పైకి లేస్తాయి. లోయ కనబడే మలుపులో రోడ్డు పక్కన నిలబడితే చాలు. అనుమతి లేకుండా అడవి లోపలికి వెళ్లకండి.

నేను నెలకు రెండు ఆదివారాలు ఒకే మలుపు దగ్గర గంటసేపు ఉంటాను. గద్దలే కాదు, చూసిన, విన్న ప్రతి పక్షినీ, పికిలిపిట్టతో సహా రాస్తాను. మొదట్లో గద్ద కనబడని రోజున లిస్టు పంపేదాన్ని కాదు. అది పెద్ద పొరపాటు. కనబడిన రోజులే రాస్తే, ఎన్నిసార్లు వెళ్తే ఎన్నిసార్లు కనబడిందో తెలియదు, తగ్గుతున్నాయన్న సంగతీ బయటపడదు. మన దేశ పక్షుల పరిస్థితిని చెప్పే 2023 నాటి 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదికకు ఆధారం 30 వేల మందికి పైగా పక్షి ప్రేమికులు పంపిన ఇలాంటి లిస్టులే. వేటాడే పక్షులు బాగా తగ్గుతున్నాయని అందులోనే తేలింది.

గూళ్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ఒక ఏడాది జుట్టు బైరి అనే అడవి గద్ద గూడు కనబడింది. ఆ సంతోషంలో ఫొటో, చోటు రెండూ ఒక వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేశాను. మరుసటి ఆదివారం వెళ్లేసరికి చెట్టు కింద జనం. తల్లి పక్షి దూరపు కొమ్మ మీద కూర్చుని ఒకటే అరుపు. అది ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డు. ఆ సీజన్‌లో అక్కడ పిల్ల కనబడలేదు. కారణం జనమేనని కచ్చితంగా చెప్పలేను కానీ, ఆ బాధ నాకు ఇంకా పోలేదు. ఇప్పుడు గూడు కనబడితే వెంటనే వెనక్కి వచ్చేస్తాను, అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు తప్ప ఎవరికీ చెప్పను, ఆ లిస్టును పిల్ల ఎగిరిపోయాకే అప్‌లోడ్ చేస్తాను.

గుర్తుపట్టలేకపోతే టెన్షన్ పడకండి. జుట్టు బైరి రంగు ఒక్కో పక్షికి ఒక్కోలా ఉంటుంది, నేనూ ఇప్పటికీ తడబడతాను. ఊహించి పేరు పెట్టకుండా యాప్‌లో 'ఏదో గద్ద' అన్న ఆప్షన్ ఎంచుకోండి. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పక్షులను లెక్కపెట్టే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది, మొదటి లిస్టు అప్పుడు వేయండి.