మేనకోడలికి, టెర్మినల్ హిస్టరీ గురించి

పర్లాకిమిడి

అమ్మలూ,

దసరాకి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని పని చేసుకుంటున్నావు కదా, పక్కనుంచి చూశాను. టెర్మినల్లో ఇంతకుముందు కొట్టిన ఒక్క కమాండు కోసం అప్ యారో 14 సార్లు నొక్కావు. వచ్చినవాటిలో సగానికి పైగా, ఫైళ్ళలో మార్పులు చూపించే గిట్ స్టేటస్ కమాండే. చెబుదామనుకునేలోపే గుణుపురం బస్సు టైమైపోయింది.

నాకెందుకింత పట్టింపంటే, బరంపురంలో పనిచేసే రోజుల్లో ఓ రాత్రి ఇలాగే చకచకా నొక్కుతూ ఒక లైను ముందే ఆగి ఎంటర్ కొట్టేశాను. అది ముందురోజు వాడిన, ఫైళ్ళు చెరిపేసే ఆర్‌ఎమ్ కమాండు. అదే పేరుతో కొత్తగా పెట్టుకున్న ఫోల్డరు మొత్తం పోయింది. తెల్లారేదాకా కూర్చుని మళ్ళీ రాశాను.

నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఉబుంటు, టెర్మినల్లో కమాండ్లు నడిపే ప్రోగ్రాము బ్యాష్. దాని సెట్టింగులుండే బ్యాష్‌ఆర్‌సీ ఫైల్లో, హిస్టరీలోకి (కొట్టిన కమాండ్ల జాబితాలోకి) ఏవి ఎక్కాలో చెప్పే హిస్ట్‌కంట్రోల్ లైను ముందే ఉంటుంది, ఇగ్నోర్‌బోత్ అని. అది వెంటవెంటనే కొట్టిన నకళ్ళను, స్పేస్‌తో మొదలైన కమాండ్లను మాత్రమే ఆపుతుంది. మధ్యలో ఎల్‌ఎస్ లాంటి మరో కమాండు కొడితే చాలు, గిట్ స్టేటస్ మళ్ళీ ఎక్కేస్తుంది. ఇగ్నోర్‌బోత్ పక్కన కోలన్ పెట్టి ఇరేజ్‌డప్స్ చేర్చు. అప్పుడు పాత నకళ్ళు తీసేసి తాజాది ఒక్కటే ఉంచుతుంది.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఆ తీసివేత జరిగేది ఆ టెర్మినల్ మెమరీలో. హిస్ట్‌అపెండ్ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటుంది కాబట్టి, టెర్మినల్ మూసేటప్పుడు కొత్త లైన్లు హిస్టరీ ఫైలు చివర చేరతాయి, పాత నకళ్ళు అలాగే ఉండిపోతాయి. హిస్ట్‌అపెండ్ ఆపేస్తే ఫైలు శుభ్రపడుతుంది గానీ, చివర మూసిన టెర్మినల్‌దే మిగిలి తక్కినవాటి లైన్లు పోతాయి. నువ్వెప్పుడూ నాలుగైదు తెరిచి ఉంచుతావు, దాని జోలికి వెళ్ళకు. నెలకోసారి ఒక్క టెర్మినల్ మాత్రం ఉంచి, హిస్టరీ ఫైలుకి కాపీ తీసి, ట్యాక్ కమాండుతో లైన్ల వరుస తిరగేసి, ఆక్ కమాండుతో ప్రతి లైనూ ఒక్కసారే ఉంచి, మళ్ళీ ట్యాక్‌తో తిరగేసి రాసేయి. కమాండు కొట్టిన టైము కూడా దాచే హిస్ట్‌టైమ్‌ఫార్మాట్ పెట్టి ఉంటే మాత్రం ఇది చెయ్యకు. అందులో ప్రతి కమాండు పైనా టైము లైను ఉంటుంది, రెండూ విడిపోతాయి.

ఆఫీసు సర్వర్లో ఇరేజ్‌డప్స్ వద్దే వద్దు. ఏదైనా పాడైనప్పుడు ఏ కమాండు దేని తర్వాత కొట్టామో ఆ వరుసే కావాలి.

హిస్టరీలో పాత కమాండు వెతికే కంట్రోల్ ఆర్ అలవాటు చేసుకో. లైను చివరిదాకా చదివాకే ఎంటర్ కొట్టు. సంక్రాంతికి ల్యాప్‌టాప్ తెచ్చుకో, ఆ ఫైలు మొదటిసారి ఇద్దరం కూర్చుని శుభ్రం చేద్దాం.

మావయ్య