బాబు నా దగ్గర, బాబు పింఛన్ ఏటీఎం కార్డు ఆయన దగ్గర

ప్రశ్న: నా వయసు 36. మొదటి భర్త చనిపోయాక, ఆరేళ్ల కింద పరకాల వైపు ఒక ఊళ్లో రెండో పెళ్లి చేసుకున్నాను. ఆయనకూ మొదటి భార్య చనిపోయింది, ఒక ఆడపిల్ల ఉంది. నాకు మొదటి భర్త వల్ల పుట్టిన బాబుకు 16 ఏళ్లు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. సదరం సర్టిఫికెట్‌లో 80 శాతం వేశారు. మా ఇద్దరికీ నాలుగేళ్ల పాప. తాగి కొట్టడం భరించలేక 14 నెలల కింద హనుమకొండకు వచ్చి కిరాయి గదిలో ఉంటున్నాను. ఇళ్లల్లో పని చేస్తాను. ఆయన పెద్దకూతురు కూడా నన్ను వదలకుండా నాతోనే వచ్చింది, 11 ఏళ్లు. బాబు పింఛన్ ఖాతా ఆయన్ని గార్డియన్‌గా పెట్టి తెరిచారు, కార్డు ఆయన దగ్గరే ఉంది. రేషన్ కార్డులో మా పేర్లన్నీ అక్కడే ఉన్నాయి. 'వాడు నాకు పుట్టలేదు, మన పెళ్లి రిజిస్ట్రేషనే కాలేదు, పైసా ఇవ్వను' అంటాడు. పెద్దమనుషులేమో రెండు లక్షలు ఇప్పిస్తాం, ఇష్టపూర్వకంగా విడిపోతున్నట్టు స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. నర్సంపేట దగ్గర మొదటి భర్త పేర ఎకరం ఇరవై గుంటలు ఉండేది. అవిటి పిల్లాడికి భూమి ఎందుకని మరిది దున్నుకుంటున్నాడు. మాకు ఏమేం వస్తాయి? నేను పింఛన్ తీసుకుంటే బాబుది ఆగిపోతుందా?

జవాబు: అమ్మా, అన్నిటికన్నా ముందు ఒక మాట. ఆ స్టాంపు కాగితం మీద సంతకం పెట్టకండి. ఎందుకో తర్వాత వివరంగా చెప్తాను.

మీ గదిలో నలుగురు ఉన్నారు. నలుగురి హక్కులూ వేర్వేరు. వాటిని ఒక్క మూటగా కట్టి 'మా ఇంటికి ఏమొస్తుంది' అని అడిగితే ప్రతి ఆఫీసులో 'మీ ఆయన్ని తీసుకురా' అనే అంటారు. ఎవరిది వాళ్లకు విడదీసి అడిగితే, చాలాచోట్ల ఆయన సంతకం అక్కరే ఉండదు.

బాబు పింఛన్‌తో మొదలుపెడదాం. నెలకు 4,016 రూపాయలు. ఇది బాబు సొమ్ము. ఇంటి యజమానిది కాదు, ఆ మాటకొస్తే మీదీ కాదు. మైనర్ కాబట్టి అతని తరఫున సంరక్షకులు తీసుకుంటారు, అంతే. మరి సంరక్షకులు ఎవరు? 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ ప్రకారం తండ్రి, ఆయన తర్వాత తల్లి. ఆ సెక్షన్ కిందనే వివరణలో, తండ్రి అంటే సవతి తండ్రి కాదని స్పష్టంగా రాసి ఉంది. బాబు కన్నతండ్రి లేడు కాబట్టి సహజ సంరక్షకురాలు మీరే. మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఆ హోదా పోలేదు. ఆ ఖాతాకు ఆయన్ని గార్డియన్‌గా రాయడమే పొరపాటు.

రెండు దరఖాస్తులు రాయండి. ఒకటి బ్యాంకు మేనేజర్‌కు: కార్డు ఆపమని, గార్డియన్‌గా మీ పేరు మార్చమని. ఇంకొకటి ఆ మండలం ఎంపీడీఓకు: పింఛన్‌ను మీరు గార్డియన్‌గా ఉన్న ఖాతాకు, ఇప్పుడు మీరుంటున్న చోటుకు మార్చమని. బాబు పుట్టిన సర్టిఫికెట్, కన్నతండ్రి మరణ ధ్రువీకరణ, సదరం సర్టిఫికెట్, మీ ఇద్దరి ఆధార్ జతచేయండి. ఆధార్‌లో అడ్రస్ హనుమకొండకు మార్పించుకుంటే పని సులువవుతుంది. రెండో కాపీ మీద ముట్టినట్టు సంతకం, స్టాంపు వేయించుకోకుండా అక్కడి నుంచి కదలకండి. మౌఖికంగా పదిసార్లు తిరిగినా ఫైలు పుట్టదు. పని కాకపోతే అవే కాగితాలతో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి. ఈ 14 నెలల్లో ఆయన తీసుకున్నది 56,224 రూపాయలు. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని పెట్టుకోండి, కోర్టులో పనికొస్తుంది.

మీరు పింఛన్ తీసుకుంటే బాబుది ఆగదు. ఒంటరి మహిళ పింఛన్ 2,016 రూపాయలు మీ పేర వస్తుంది, దివ్యాంగుల పింఛన్ బాబు పేర వస్తుంది. ఒంటరి మహిళ పింఛన్‌కు విడాకుల డిక్రీ అక్కర్లేదు. భర్తకు దూరమై ఏడాది దాటి ఉండాలి, ఆదాయం పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల లోపు ఉండాలి. మీకు 14 నెలలైంది. కిరాయి రసీదులు, పిల్లల స్కూలు మార్పిడి కాగితాలు, పోలీస్ స్టేషన్‌లో ఎప్పుడైనా ఇచ్చిన ఫిర్యాదు ఉంటే దాని నకలు, ఇవన్నీ మీరు ఎప్పటినుంచి విడిగా ఉంటున్నారో చెప్తాయి. మొదటి భర్త మరణ ధ్రువీకరణ పత్రం ఉంది కదా అని వితంతు పింఛన్‌కు రాయించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. చట్టం దృష్టిలో మీరు ఇప్పుడు ఇంకొకరి భార్య. అది తప్పుడు ప్రకటన అవుతుంది.

రేషన్ విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మనిషికి ఆరు కిలోల చొప్పున మీ నలుగురికీ నెలకు 24 కిలోల సన్న బియ్యం. అవిప్పుడు ఆయన కార్డు మీద పోతున్నాయి. మీసేవలో పేర్లు తీయించి కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టాలి. కానీ తీయించే ముందు పాత కార్డు వివరాల ప్రింట్ తీసుకోండి. అందులో ఆయన పక్కన మీరు భార్యగా ఉన్నారు. 'రిజిస్ట్రేషనే కాలేదు' అన్న మాటకు అదే మంచి జవాబు. రిజిస్టర్ కానంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదు. పెళ్లినాటికి ఆయన భార్య, మీ భర్త ఇద్దరూ లేరు కాబట్టి మీది చెల్లే పెళ్లే. ఫొటోలు, పాప పుట్టిన సర్టిఫికెట్, ఆధార్‌లో భర్త పేరు, కార్డు ప్రింట్ అన్నీ ఒకచోట పెట్టండి.

ఇక పెద్దమనుషుల కాగితం. మన వైపు దీన్ని ఇడుపు కాగితం అంటారు. వాళ్లు చెడ్డ ఉద్దేశంతోనే చెప్తున్నారని నేను అనను, గొడవ సద్దుమణగాలని చెప్తారు. కానీ దానివల్ల ఆడవాళ్లు ఎంత నష్టపోతారో నేను కోర్టులో చూస్తూనే ఉన్నాను. 2024 జూలై 1 నుంచి పాత నేర విచారణ స్మృతి సీఆర్పీసీలోని 125కు బదులు, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144వ సెక్షన్ వచ్చింది. మనోవర్తి ఇచ్చేది దాని కిందే. అందులోనే ఒక మెలిక ఉంది: భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో విడిగా ఉంటుంటే భార్యకు మనోవర్తి రాదు. 'ఇష్టపూర్వకంగా విడిపోతున్నాం' అన్న ఒక్క వాక్యం చాలు, ఆయన వకీలు రేపు దాన్నే జడ్జి ముందు పెడతాడు. పోనీ విడాకులైనా వస్తాయా అంటే, కులాచారం ఉందని కోర్టులో రుజువైతే తప్ప ఆ కాగితం విడాకులు కాదు. అంటే మీరు ఆయన భార్యగానే ఉంటారు, మనోవర్తి మాత్రం పోగొట్టుకుంటారు. రెండు లక్షలు బాబు ఫిజియోథెరపీకి, కిరాయికి ఎన్నాళ్లు వస్తాయి? రాజీ కావాలనుకుంటే న్యాయ సేవాధికార సంస్థలో, లోక్ అదాలత్‌లో కూర్చుని చేసుకోండి, అక్కడ రాసింది కోర్టు డిక్రీతో సమానం. ఇంకో మాట. పాపకు రావలసిన మనోవర్తిని తల్లి సంతకంతో వదులుకోవడం కుదరదు, అది పాప హక్కు.

పిల్లల ఖర్చు ఆయన ఎవరికి ఇవ్వాలి అన్నదగ్గర ముగ్గురికీ ఒకే సమాధానం లేదు. చిన్నపాపకు, 11 ఏళ్ల పిల్లకు ఆయనే తండ్రి. ఇద్దరూ 144 కింద అడగవచ్చు. బాబు సంగతి వేరు. ఆ సెక్షన్ సొంత బిడ్డల గురించే మాట్లాడుతుంది, కాబట్టి దాని కింద సవతి తండ్రిని అడిగితే కేసు నిలబడదు. ఇక్కడ మీకు దారి చూపేది 2005 గృహహింస చట్టం. అందులో బిడ్డ అంటే 18 ఏళ్ల లోపు వ్యక్తి, దత్తత బిడ్డ, సవతి బిడ్డ, పెంపుడు బిడ్డ కూడా అందులోకి వస్తారని నిర్వచనంలోనే రాశారు. దాని కింద మీకూ, మీ దగ్గరున్న పిల్లలకూ కలిపి ఖర్చులు అడగవచ్చు. కొట్టడమే కాదు, మీ చేతికి అందాల్సిన డబ్బు అందకుండా చేయడం కూడా ఆ చట్టంలో ఆర్థిక హింసే. బాబు పింఛన్ 56 వేలు అక్కడ అడగండి. మీరు ఇప్పుడు ఉంటున్న చోటే, అంటే హనుమకొండలోనే కేసు వేయవచ్చు. పరకాల వెళ్లి ఆయన మనుషుల మధ్య నిలబడక్కర్లేదు. ఆయన తరఫు వాళ్లు 'పిల్లాడికి పింఛన్ వస్తోందిగా, ఇంకెందుకు' అంటారు. వైకల్యం వల్ల పడే అదనపు ఖర్చు కోసమే ఆ పింఛన్ ఉందని, అన్నం, బట్ట, కిరాయి బాధ్యత దానితో తీరదని మీ వకీలు గట్టిగా వాదించాలి.

పెద్దపిల్ల విషయంలో నాకు కొంచెం ఆందోళనగా ఉంది. మీరు ఎంత కన్నతల్లిలా చూసుకున్నా ఆమెకు సహజ సంరక్షకుడు ఆమె తండ్రే. బాబు విషయంలో మీకు సాయపడిన ఆ వివరణే ఇక్కడ మీకు అడ్డం వస్తుంది, తల్లి అంటే సవతి తల్లి కాదు. ఎత్తుకెళ్లారని ఆయన ఫిర్యాదు చేయకముందే గృహహింస కేసులో 21వ సెక్షన్ కింద ఆమె తాత్కాలిక కస్టడీ అడగండి. ఆ ఇంట్లో తాగి కొట్టడం చూసింది కాబట్టి పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేసి బాలల సంక్షేమ సమితి ముందు పిల్ల తన ఇష్టం చెప్పేలా చూడండి. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలోనే మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ గురించీ అడగండి. తండ్రి వదిలేసిన పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇచ్చే పథకం అది. నగరంలో ఆదాయ పరిమితి ఏడాదికి 96,000.

నర్సంపేట భూమి గురించి మీరు చివర్లో ఒక్క ముక్కలో రాశారు కానీ, బాబుకు జీవితాంతం పనికొచ్చేది అదే కావచ్చు. వైకల్యం ఉన్నవాడికి ఆస్తి రాదన్నది అబద్ధం. రోగం, అవయవ లోపం, వైకల్యం కారణంగా ఎవరికీ వారసత్వం పోదని 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ చెప్తోంది. ఆ భూమి మీ మొదటి భర్త స్వార్జితమై, వీలునామా రాయకుండా పోయి ఉంటే మూడు భాగాలు: బాబుకు ఒకటి, మీకు ఒకటి, ఆయన తల్లి అప్పటికి బతికి ఉంటే ఆమెకు ఒకటి. అరవై గుంటల్లో తలా ఇరవై గుంటలు. తాత ముత్తాతల భూమి అయితే లెక్క మారుతుంది, బాబు వాటా ఇంకా పెరగొచ్చు. మీ మరిదికి ఇందులో నేరుగా వాటా లేదు. మీ భర్త పోయిన రోజే మీ వాటా మీకు వచ్చేసింది, ఆ తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నా అది వెనక్కి పోదు. నర్సంపేట వైపు పహాణీ (భూమి రికార్డు) నకళ్లు తీయించి వారసత్వ మార్పిడికి తహసీల్దార్ దగ్గర దరఖాస్తు పెట్టండి, ఒప్పుకోకపోతే పంపకం దావా వేయాలి. బాబు వాటా మాత్రం జిల్లా కోర్టు అనుమతి లేకుండా మీరు కూడా అమ్మలేరు. మీ ఇద్దరి వాటాలు కలిపి ఈ నలభై గుంటలు వస్తే పింఛన్లు పోతాయేమోనన్న భయం వద్దు. పింఛన్ నిబంధనల్లో తరి (నీటి వసతి ఉన్న భూమి) మూడు ఎకరాలు, ఖుష్కి (మెట్ట) ఏడున్నర ఎకరాలు దాటితేనే అడ్డం.

వకీలు ఫీజు ఎక్కడి నుంచి తేవాలన్న ఆలోచనతో ఆగకండి. ఆడవాళ్లకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. హనుమకొండ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. ఆయన గదికి వచ్చి గొడవ చేస్తే మహిళల హెల్ప్‌లైన్ 181కు చేయండి.

ఇంకొక్కటి, దీనికి రెండేళ్ల గడువుంది. బాబుకు 18 నిండిన రోజున సహజ సంరక్షకురాలిగా మీ అధికారం ముగుస్తుంది, బ్యాంకులో మీ సంతకం చెల్లదనవచ్చు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకు 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ నేతృత్వంలోని స్థానిక కమిటీ చట్టబద్ధ సంరక్షకులను నియమిస్తుంది. 18 నిండగానే ఆ దరఖాస్తు పెట్టాలి. ఈలోగా యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు లేకపోతే తీసుకోండి, సదరం సర్టిఫికెట్‌కు గడువు తేదీ ఏమైనా ఉందేమో చూసుకోండి. అదే నేషనల్ ట్రస్ట్ నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఇస్తుంది, థెరపీ ఖర్చులు కూడా అందులోకి వస్తాయి. కలెక్టర్ కమిటీకి పెట్టే దరఖాస్తులో సంరక్షకురాలిగా మీ పేరుతో పాటు, మీ తర్వాత బాబును ఎవరు చూసుకోగలరో కూడా ఇప్పటి నుంచే ఆలోచించి ఆ మనిషితో మాట్లాడి పెట్టుకోండి.