మీ ప్రశ్న – మా జవాబు: ప్లాటినం తీగ బయటపెట్టిన మందు

ప్రశ్న: కరెంటు ప్రయోగం చేస్తుంటే క్యాన్సర్ మందు దొరికిందని మా లెక్చరర్ చెప్పారు. అదెలా సాధ్యం?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ఆ మందు సిస్‌ప్లాటిన్. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే బయోఫిజిసిస్టు అసలు మందు కోసం వెతకనే లేదు. చీలుతున్న కణంలోని పోగుల అమరిక, అయస్కాంతం చుట్టూ ఇనుప రజను పేరుకున్నట్టే కనిపిస్తుంది. మరి విద్యుత్ క్షేత్రంలో పెడితే కణ విభజన మారుతుందా? అదీ ఆయన సందేహం. ముందుగా పరికరాన్ని పరీక్షించడానికి ఈ.కోలై బాక్టీరియా వాడారు. ప్లాటినం దేనితోనూ కలవదన్న ధీమాతో ఎలక్ట్రోడ్లు దానితోనే చేశారు. కరెంటు పెట్టాక బాక్టీరియా చీలడం మానేసి పొడుగు సాగింది. కొన్నయితే మామూలు కన్నా 300 రెట్లు! కరెంటు ఆపితే మళ్లీ చీలాయి.

కరెంటు మహిమేనని రాసేసుకుని ఊరుకోవచ్చు. రోజెన్‌బర్గ్ బృందం ఊరుకోలేదు. కరెంటు పారించి ఆపేసిన ద్రవంలో తాజా బాక్టీరియా వేస్తే అవీ సాగాయి. అంటే గుట్టు ద్రవంలోనే ఉంది. అందులో అమ్మోనియం క్లోరైడ్ ఉంది, ఎలక్ట్రోడ్ నుంచి కరిగి లవణంగా మారిన ప్లాటినమూ ఉంది. పది లక్షల పాళ్లలో సుమారు 10 పాళ్లు. తీరా ఆ ప్లాటినం లవణాన్ని విడిగా కలిపితే ఫలితం రాలేదు. వెలుతురులో కొన్నాళ్లు నిలవున్న ద్రావణం మాత్రం పనిచేసింది. వెలుతురు సోకి కొన్ని క్లోరైడ్ల చోట అమోనియా చేరుతోందని కెమిస్ట్రీ తెలిసినవాళ్లు పట్టుకున్నారు. అలా తయారైన అణువులో రెండు క్లోరైడ్లూ పక్కపక్కన ఉన్న ‘సిస్’ రూపం పనిచేస్తుంది, ఎదురెదురుగా ఉన్న ‘ట్రాన్స్’ చేయదు. చిత్రమేమిటంటే, ఈ పదార్థాన్ని ఇటలీకి చెందిన పెయిరోన్ 19వ శతాబ్దంలోనే తయారుచేశాడు!

కణం పెరుగుతూనే చీలడం ఆగిందంటే కణుతుల మీద ప్రయోగించి చూడాల్సిందే కదా. ఎలుకల కణుతులు తగ్గినట్టు 1969లో ప్రకటించారు. వృషణ, అండాశయ క్యాన్సర్లకు 1978లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ప్రశ్న: మా అమ్మగారికి సిస్‌ప్లాటిన్ ఎక్కించేముందూ తర్వాతా సెలైన్ సీసాలు పెడుతున్నారు. అంత నీరు ఎందుకు?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మూత్రపిండాల కోసం. ఈ మందు ఎక్కువగా వాటి గుండానే బయటికి పోతుంది, పోతూ అక్కడి సన్నని గొట్టాల కణాల్లో పేరుకుని దెబ్బతీస్తుంది. నీరు ఎక్కువైతే మందు పలచబడి త్వరగా వెళ్లిపోతుంది. గ్లూకోజ్ కాకుండా సెలైనే ఎందుకంటే, సెలైన్ అంటే ఉప్పునీరు, అందులో క్లోరైడ్ ఉంటుంది; చుట్టూ క్లోరైడ్ ఉన్నంతవరకే ఈ అణువు నిలకడగా ఉంటుంది. రక్తంలో క్లోరైడ్ ఎక్కువ, కణంలో తక్కువ. కాబట్టి లోపలికి వెళ్లాకే క్లోరైడ్ ఊడి, ఆ చోట నీరు చేరి, డీఎన్‌ఏను అంటుకుంటుంది. అల్యూమినియం సూది తగిలితే మాత్రం నల్లటి మడ్డి కట్టి మందు పాడవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే స్ఫటికాలు కడుతుంది.

మూత్రం తగ్గినా, చెవుల్లో హోరు వినిపించినా, కాళ్లు తిమ్మిరెక్కినా వచ్చే డోసు దాకా ఆగకుండా డాక్టరుగారికి చెప్పండి. మెగ్నీషియం తగ్గుతుంది కనుక రక్తపరీక్ష మానవద్దు.

ప్రశ్న: అయితే ప్లాటినం ఉంగరం పెట్టుకుంటే మేలా?

జవాబు: ఉంగరం ఒంటి చెమటకు కరగదు. ఆ ప్రయోగంలో ఎలక్ట్రోడ్‌ను కరిగించింది కరెంటూ క్లోరైడూ కలిసి.