బెనిఫిట్ వస్తోంది, క్రెడిట్ దెబ్బతింది... ఇల్లు అద్దెకు దొరికేదెలా?

ప్రశ్న: మేడం గారూ, మాది గుంటూరు జిల్లా. 11 ఏళ్ల క్రితం పెళ్లయి ఇంగ్లండ్ వచ్చాను. ఇప్పుడు లెస్టర్‌లో ఉంటున్నాను, ఐఎల్ఆర్ (ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది. రెండేళ్ల క్రితం ఆయనా నేనూ విడిపోయాం. పాపకు 8 ఏళ్లు, బాబుకు 5. కేర్ హోమ్‌లో వారానికి 20 గంటలు పని చేస్తాను. దానికి తోడు యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ బెనిఫిట్, అందులోనే ఇంటి అద్దెకు సాయం వస్తుంది. ఉన్న ఇల్లు అమ్మేస్తున్నాను, రెండు నెలల్లో ఖాళీ చెయ్యండని ఓనర్ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. నెలకు 900 పౌండ్ల ఇల్లు ఒకటి చూసుకుని దాన్ని నాకోసం ఆపి ఉంచడానికి ఏజెంటుకు 300 పౌండ్ల హోల్డింగ్ డిపాజిట్ కట్టాను. నా పేరు మీద 1,140 పౌండ్ల బాకీకి కోర్టు తీర్పు ఉన్నట్టు, అప్పుల చరిత్ర చూసే క్రెడిట్ చెక్‌లో బయటపడింది. ఆ కాగితం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఇల్లూ ఇవ్వం, డబ్బూ ఇవ్వం అంటున్నారు. ఇండియా నుంచి డబ్బు తెప్పించి ఆరు నెలల అద్దె ముందే కట్టెయ్యమని, బెనిఫిట్ సంగతి ఎవరికీ చెప్పొద్దని తెలిసినవాళ్లు సలహా ఇస్తున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యాలి?
– ఒక సోదరి, లెస్టర్

జవాబు: ముందుగా, ఉన్న ఇల్లు ఖాళీ చెయ్యకండి. వాట్సాప్ మెసేజ్ నోటీసు కాదు. ఇంగ్లండ్‌లో 2026 మే 1 నుంచి వర్తించే కొత్త అద్దెదారుల హక్కుల చట్టం ప్రకారం, కారణం చెప్పకుండా ఖాళీ చేయించే పాత సెక్షన్ 21 పద్ధతి పోయింది. ఇల్లు అమ్ముకోవాలంటే ఓనర్ నిర్ణీత ఫారంలో, కనీసం నాలుగు నెలల గడువుతో నోటీసు ఇవ్వాలి. మీరు చేరిన మొదటి ఏడాదిలో ఆ కారణంతో ఖాళీ చేయించడం కుదరదు. గడువు ముగిశాక మీరు కదలకపోతే ఆయన కోర్టుకు వెళ్లి ఆర్డర్ తెచ్చుకోవాలి. మాట పోతుందని, గొడవెందుకని ముందే తాళాలు ఇచ్చేస్తే, రేపు ఇంటి సాయం కోసం కౌన్సిల్‌కు (ఊరి స్థానిక ప్రభుత్వానికి) వెళ్లినప్పుడు మీ ఇష్టంతోనే ఇల్లు వదిలేశారనే ప్రశ్న వస్తుంది. పిల్లలున్న తల్లికి అది చాలా నష్టం.

ఇక ఆ 300. వారం అద్దెకు మించి హోల్డింగ్ డిపాజిట్ తీసుకోకూడదని 2019 నుంచి చట్టం ఉంది. నెలకు 900 అంటే ఏడాదికి 10,800, దాన్ని 52తో భాగిస్తే వారానికి 207 పౌండ్ల 69 పెన్నీలు. అంటే 92 పౌండ్ల 31 పెన్నీలు వాళ్లు తీసుకోవడమే తప్పు, అది ఎలాగూ తిరిగి రావాలి. మిగతాది ఉంచుకోవాలన్నా, ఇల్లు ఇవ్వకూడదని నిర్ణయించిన ఏడు రోజుల్లోగా కారణం రాసి ఇవ్వాలి. క్రెడిట్ చెక్‌లో పాస్ కాలేదన్నది ఒక్కటే అందుకు కారణంగా సరిపోదు. మీరు తప్పుడు వివరాలు ఇస్తే మాత్రం ఉంచుకునే వీలుంది. మీరు నింపిన దరఖాస్తు ఒకసారి తీసి చూడండి. ‘మీ మీద కోర్టు తీర్పులు ఉన్నాయా’ అన్న చోట ‘లేవు’ అని టిక్ పెట్టి ఉంటే వాళ్లు దాన్నే పట్టుకుంటారు. మీకు అప్పటికి ఆ సంగతి తెలియదని, కోర్టు ఉత్తరం మీ చేతికి రాలేదని ఈమెయిల్‌లో రాసి, కారణం లిఖితంగా ఇవ్వమని అడగండి. ఫోన్‌లో మాట్లాడి వదిలెయ్యొద్దు. ఇంగ్లండ్‌లో ప్రతి లెట్టింగ్ ఏజెంటూ ఏదో ఒక ఫిర్యాదుల పరిష్కార పథకంలో సభ్యుడై ఉండాలి. ఆ పేరు వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఈమెయిల్‌కు స్పందన లేకపోతే అక్కడికి, లేదంటే వ్యాపారుల మీద ఫిర్యాదులు చూసే కౌన్సిల్ విభాగం ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కు వెళ్లండి.

అసలు సమస్య ఆ తీర్పు. దాన్ని అలా వదిలేస్తే ఆరేళ్లు మీ వెంట ఉంటుంది. ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు క్రెడిట్ సంస్థల నుంచీ మీ క్రెడిట్ రిపోర్ట్ తెప్పించుకోండి. చట్ట ప్రకారం ఉచితంగానే ఇవ్వాలి. అందులో తీర్పు తేదీ, కోర్టు, కేసు నంబరు, చిరునామా చూడండి. మీరు విడిపోయి పాత ఇల్లు వదిలేశాక కూడా కోర్టు కాగితాలు అక్కడికే వెళ్లి ఉంటే, తీర్పును రద్దు చెయ్యమని ఎన్244 ఫారంతో కోర్టును అడగవచ్చు. ఎప్పుడు తెలిసింది, తెలిసిన వెంటనే ఏం చేశారు అన్నది జడ్జి తప్పక చూస్తారు. కాబట్టి ఈ వారమే మొదలుపెట్టండి. కౌన్సిల్ టాక్స్ బిల్లు, కొత్త ఇంటి అద్దె ఒప్పందం లాంటి, మీరు ఆ తేదీకి అక్కడ లేరని చూపే కాగితాలు జత చెయ్యాలి. కోర్టు ఫీజు భారమైతే ఈఎక్స్160 ఫారంతో మినహాయింపు అడగండి. బెనిఫిట్ మీద ఉన్నవాళ్లలో చాలామందికి అది దొరుకుతుంది. బాకీ నిజంగా మీదే అయి, ఇప్పుడు కట్టేస్తే, ‘చెల్లించారు’ అని నమోదవుతుంది కానీ తీర్పు పోదు. తీర్పు వచ్చిన తేదీ నుంచి నెలలోపు కడితేనే పూర్తిగా తీసేస్తారు.

చాలామంది ఆడవాళ్లు మాజీ భర్త అప్పులన్నీ తమ రిపోర్ట్‌లోకి వస్తాయని భయపడతారు. పెళ్లి వల్ల అలా రావు. జాయింట్ అకౌంటో, జాయింట్ లోనో ఉంటేనే ఇద్దరి పేర్లూ ముడిపడతాయి. ఆ అకౌంట్ మూసేసి, ఇక ఆర్థిక సంబంధం లేదని మూడు సంస్థలకూ రాయండి. ఓటరు జాబితాలో పేరు ఉంటే చిరునామా రుజువవుతుంది, రిపోర్ట్‌కు బలం. బ్రిటిష్ పాస్‌పోర్ట్ లేకపోతే ఓటు ఉండదని మనవాళ్లు అనుకుంటారు. ఇక్కడ నివసించే అర్హత ఉన్న భారత పౌరులు కామన్వెల్త్ పౌరులుగా నమోదు చేసుకోవచ్చు.

ఆరు నెలల అద్దె ముందే కట్టమన్న సలహా ఒకప్పుడు పనిచేసింది. ఇక్కడికి వచ్చిన మన పిల్లలు ఎంతమందో ఆ దారినే ఇళ్లు పట్టారు. కొత్త చట్టంలో ఆ తలుపు మూసుకుంది. ఒప్పందం మీద సంతకం కాకముందు అద్దె కింద ఏమీ తీసుకోకూడదు. సంతకం అయ్యాక కూడా, అద్దెకాలం మొదలవకముందు ఒక నెలకు మించి అడగకూడదు. ఆ డబ్బు కోసం ఇండియాలో మీ నాన్నగారి చేత పొలం తాకట్టు పెట్టించకండి.

బెనిఫిట్ దాచమన్న సలహా ఇంకా ప్రమాదం. బ్యాంక్ స్టేట్‌మెంట్ అడగ్గానే బయటపడుతుంది. అప్పుడు తప్పుడు వివరాలిచ్చిన మనిషిగా మిగులుతారు, హోల్డింగ్ డిపాజిట్ కూడా పోతుంది. దాచాల్సిన అవసరమూ లేదు. బెనిఫిట్ తీసుకునేవాళ్లకు ఇల్లివ్వం అనే నియమం ఆడవాళ్ల మీద, వైకల్యం ఉన్నవాళ్ల మీద వివక్ష అవుతుందని యార్క్ కౌంటీ కోర్టు 2020లోనే చెప్పింది. కొత్త చట్టం ఇంకో అడుగు వేసి బెనిఫిట్ ఉందనో, పిల్లలున్నారనో కాదనడాన్ని నేరుగా నిషేధించింది. కౌన్సిల్ 7,000 పౌండ్ల వరకు జరిమానా వెయ్యవచ్చు. అయితే మీరు అద్దె కట్టగలరా లేదా అని చూసే హక్కు ఓనర్‌కు అలాగే ఉంది. చాలా ఏజెన్సీలు నెల అద్దెకు 30 రెట్లు ఏడాది ఆదాయం ఉండాలంటాయి. 900కి అది 27,000. మీ జీతం ఒక్కటే చూపిస్తే సరిపోదు. జీతం, యూనివర్సల్ క్రెడిట్, చైల్డ్ బెనిఫిట్ మూడూ కలిపి చూపాలి.

అందుకే తర్వాతి ఏజెంటుకు చెక్ చెయ్యకముందే ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి. ‘నా పేరు మీద ఒక కోర్టు తీర్పు ఉంది. కాగితాలు పాత చిరునామాకు వెళ్లాయి. రద్దు కోసం ఫలానా తేదీన దరఖాస్తు పెట్టాను. రెండేళ్లుగా ఈ ఇంటి అద్దె ఒక్క నెల కూడా ఆపలేదు’ అని రాసి, అద్దె కట్టిన ఎంట్రీల కింద గీత గీసిన 12 నెలల స్టేట్‌మెంట్, యూనివర్సల్ క్రెడిట్ కాగితం, ఇప్పటి ఓనర్ ఇచ్చే రెఫరెన్స్ జత చెయ్యండి. ‘ఆపలేదు’ అన్నది నిజమైతేనే రాయాలి. సొంత ఇల్లున్న బంధువు గ్యారంటర్‌గా (మీరు కట్టలేకపోతే అద్దెకు హామీగా) వస్తే మేలు. కానీ ఎంతవరకు, ఎంతకాలం బాధ్యత అన్నది రాతలో చూసుకోకుండా వాళ్ల చేత సంతకం పెట్టించవద్దు.

అద్దె సాయానికి పరిమితి ఉంది. మీ పోస్ట్‌కోడ్‌కు ఎంతో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. పదేళ్లలోపు పిల్లలిద్దరూ ఒకే గదిలో ఉంటారని లెక్క వేస్తారు కాబట్టి మీకు రెండు పడగ్గదుల రేటు వర్తిస్తుంది. పాపకు పదేళ్లు నిండాక మూడు గదుల రేటు. 2024 ఏప్రిల్‌లో సవరించిన ఈ రేట్లను 2025లో పెంచలేదు, అందువల్ల తేడా మీ జేబులోంచి పడుతుంది. కొత్త ఇంటి డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదు, అంటే 1,038 పౌండ్లు. అది కట్టలేకపోతే కౌన్సిల్‌ను సాయం అడగండి. సరైన నోటీసు వచ్చి, 56 రోజుల్లో ఇల్లు పోయేలా ఉంటే మీతో కలిసి దారి వెతకాల్సిన బాధ్యత వాళ్లదే.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. మీరు డిపెండెంట్ వీసాలో ఉండి, దాని మీద ‘నో రీకోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వ బెనిఫిట్లు తీసుకోకూడదు) అని ఉంటే, పై సోదరికి వచ్చే అద్దె సాయం మీరు అడగకూడదు. వీసాకే ఎసరు వస్తుంది. ఇంట్లో హింస వల్ల కాపురం చెడిన భార్యలకు కొన్ని నెలలు ఆ షరతు తీసేసే వెసులుబాటు ఉంది. దరఖాస్తు పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి. పై అద్దె నియమాలు ఇంగ్లండ్‌వి. స్కాట్లండ్, వేల్స్‌లో ఉన్నవాళ్లకు వేరే చట్టాలు.