ముందు పిక్కలు ఇవ్వండి, నిర్వచనం తర్వాత

"మా బాబు ఆరో తరగతి. 9, 15, 21 కూడా ప్రధాన సంఖ్యలే అంటున్నాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఎలా నేర్పాలి?" అని అడిగారు. పలాస దగ్గర ఓ పల్లె హైస్కూల్లో లెక్కలు చెబుతాను కాబట్టి ఇది నాకు ఏటా ఎదురయ్యే ప్రశ్నే. మీ బాబులో లోపమేమీ లేదండి. బేసి సంఖ్య వేరు, ప్రధాన సంఖ్య వేరు అని వాడికి కళ్లారా ఎవరూ చూపించలేదు.

పుస్తకం పక్కన పెట్టి కాసిని పిక్కలు ఇవ్వండి. మా ఉద్దానంలో జీడిపిక్కలకు కొదవ లేదు, మీకు దొరక్కపోతే చింతపిక్కలైనా సరే. జీడిపిక్కలైతే మాత్రం పగలగొట్టనివ్వకండి, పెంకులో రసం తగిలితే చేతులు పొక్కుతాయి. 12 పిక్కలిచ్చి, అన్ని వరసల్లోనూ సమానంగా ఉండేలా పేర్చమనండి. ఆరేసి రెండు వరసలు పేరుస్తాడు, నాలుగేసి మూడు వరసలూ పేరుస్తాడు. 13 ఇస్తే ఒక్కటే పొడుగు వరస, ఇంకోలా కుదరదు. ఇలా ఒకే వరసగా తప్ప పేర్చలేని సంఖ్యే ప్రధాన సంఖ్య అని చెప్పండి. ఇప్పుడు 9 ఇవ్వండి. మూడేసి మూడు వరసలు చక్కగా వచ్చేస్తాయి. అప్పుడు వాడే అంటాడు, ఇది ప్రధాన సంఖ్య కాదని.

మా తరగతిలో ఒకసారి 91 మీద పెద్ద వాదన జరిగింది. ఒక గుంటడు వరసకు రెండేసి పెట్టాడు, ఒకటి మిగిలింది. మూడేసి పెట్టాడు, మళ్లీ ఒకటే మిగిలింది. అయిదేసి పెట్టినా ఒకటే. "ఇది ప్రధాన సంఖ్యే మాస్టారూ" అని తేల్చేసి లేచిపోయాడు. పక్కన ఎప్పుడూ నోరు విప్పని గుంట ఒకతె ఆ పిక్కలు తన ముందుకు లాక్కుని ఏడేసి పేర్చడం మొదలుపెట్టింది. నేల మీద వరస తర్వాత వరస, తరగతి అంతా చుట్టూ మూగింది. పదమూడో వరసలో ఆఖరి పిక్క పెట్టి "సరిపోనాయి మాస్టారూ!" అని అరిచింది.

అసలు పాఠం అక్కడే మొదలైంది. మరి ఎక్కడిదాకా ప్రయత్నించి ఆపాలి? పదేసి పది వరసలు వేస్తేనే 100 అయిపోతుంది. కాబట్టి 100 లోపు ఏ సంఖ్య సంయుక్తమైనా (అంటే 12, 9 లాగా సమాన వరసల్లో పేర్చగలిగేదైనా) దానికి 1 కాకుండా, 10 కంటే చిన్న కారణాంకం, అంటే శేషం లేకుండా భాగించే సంఖ్య, ఒకటి ఉండి తీరాలి. రెండేసి కుదరనప్పుడు నాలుగేసి, ఆరేసి, ఎనిమిదేసి ఎలాగూ కుదరవు. మూడేసి కుదరకపోతే తొమ్మిదేసీ అంతే. ఇక మిగిలినవి 2, 3, 5, 7 మాత్రమే. 97ని ఈ నాలుగింటితో చూసి వదిలేయొచ్చు. ఇది అర్థమైన పిల్లకి జాబితాతో పనేముంది?

కానీ అందరూ పట్టుకు వేలాడేది ఆ జాబితానే. 100 లోపు 25 ప్రధాన సంఖ్యల్ని పద్యంలా వల్లె వేయిస్తారు. పిల్లాడు గడగడా అప్పజెప్పగానే అమ్మానాన్నలకు సంతోషం. వాణ్ణే 119 అడగండి, తెల్లమొహం వేస్తాడు. పరీక్షల్లోనూ "50 లోపు ప్రధాన సంఖ్యలు రాయండి" అనే అడుగుతారు తప్ప, 51 ఎందుకు కాదో అడగరు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. రెండు వేల ఏళ్ల కిందటే గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ 2 గుణిజాలు, 3 గుణిజాలు అలా కొట్టేసుకుంటూ పోయే జల్లెడ పద్ధతి ఇచ్చి వెళ్లాడు. దాన్ని కూడా పిల్లల చేత చేయించకుండా, అయిపోయిన పట్టికను బోర్డు మీద ఎక్కించేస్తున్నారు.

1 గురించి తప్పకుండా అడుగుతాడు. దాన్ని ప్రధాన సంఖ్యల్లో కలిపితే వచ్చే చిక్కు చూపించండి. 12ని ప్రధాన సంఖ్యలుగా విడగొడితే 2×2×3, ఇంకో దారి లేదు. 1ని రానిస్తే 1×2×2×3, 1×1×2×2×3 అంటూ అంతూ పొంతూ ఉండదు. అందుకే 1 ప్రధానమూ కాదు, సంయుక్తమూ కాదు.

ఇక్కడిదాకా వచ్చాక వాడికి నిజమైన లెక్క ఒకటి ఇవ్వండి. 2 కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమేనా? 1742లో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త, మరో గణితవేత్త ఆయిలర్‌కు రాసిన ఉత్తరంతో మొదలైన ప్రశ్న ఇది. ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు. 28తో మొదలుపెట్టండి. 5, 23 ఒక జత. ఇంకో జత ఉంది, అది మీరు చెప్పకండి, వాణ్ణే వెతకనివ్వండి.