లోతు సముద్రంలో సాఫ్ట్ ప్లాస్టిక్ లూర్ అడుగుకు ఎందుకు చేరదు?

గండిపేట చెరువులో 7 గ్రాముల జిగ్ హెడ్‌కు (బరువు తల ఉన్న గాలం) సాఫ్ట్ ప్లాస్టిక్ లూర్ (మెత్తటి ప్లాస్టిక్ ఎర) తగిలించి చేపలు బాగానే పడుతున్నాను, వైజాగ్ దగ్గర బోటెక్కి 40 మీటర్ల లోతులో అదే వేస్తే ఒక్క చేపా తగల్లేదు, ఎందుకని ఒకరు అడిగారు.

మీ లూర్ అసలు అడుగుకు చేరి ఉండదండీ. బోటు గాలికి, నీటి ప్రవాహానికి జరుగుతూనే ఉంటుంది. తేలికపాటి జిగ్ హెడ్ కిందికి దిగే లోపు లైన్ (గాలపు దారం) ఏటవాలుగా సాగి, లూర్ నీటి మధ్యలోనే వేలాడుతుంది. ఆ లోతుకు నేనైతే 40 గ్రాములతో మొదలుపెడతాను, ప్రవాహం గట్టిగా ఉంటే 60. లైన్ కూడా చూసుకోండి. లావుపాటి నైలాన్‌ను నీళ్లు ఎక్కువగా లాగుతాయి, పైగా అది సాగుతుంది కాబట్టి కింద చేప తాకినా చేతికి తెలియదు. సన్నటి బ్రెయిడ్ (పోగులు అల్లిన లైన్) వాడి, చివర రెండు మీటర్లు ఫ్లోరోకార్బన్ (నీటిలో అంతగా కనబడని లైన్) కట్టండి.

బోటు జరిగే వైపుకే ముందుగా విసరండి. లూర్ దిగేసరికి బోటు దాని మీదికి వస్తుంది, లైన్ నిటారుగా ఉంటుంది. లైన్ ఒక్కసారిగా వదులైతే అడుగు తగిలినట్టే. రాడ్‌ను రెండడుగులు ఎత్తి, మెల్లగా దించండి. చాలాసార్లు చేప పట్టేది అలా దిగేటప్పుడే.

వంజరం తిరిగే చోట మాత్రం సాఫ్ట్ ప్లాస్టిక్ దండగ. తోక కొరుక్కుని పోతుంది!

ఇంకో మాట, మే నెలలో హైదరాబాద్ ఎండలో కారులో లూర్లు వదిలేయకండి. మెత్తబడి వంకరపోయినవి నీటిలో గిరగిరా తిరుగుతాయి.