ఒలింపిక్స్ కోసం దాచిన డబ్బు పాప వైద్యానికి మళ్లించాలా?

ప్రశ్న: మాది ఆమదాలవలస. మా ఆయన పైడిభీమవరంలో మందుల కంపెనీలో చేస్తారు. నెలకు 38,000 చేతికొస్తుంది. ఆయన చిన్నప్పుడు వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకున్నారు. 2028లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు ముగ్గురం వెళ్లాలని 1,40,000 ఎఫ్‌డీ చేశాం. నిరుడు మా ఏడేళ్ల పాపకు నెఫ్రోటిక్ సిండ్రోమ్ అన్నారు. విశాఖలో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంటే 46,000 అయింది. నా పుట్టిల్లు ఉద్దానం. మా నాన్న డయాలసిస్ మీదే పోయారు. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తెలిసిన ఏజెంటు నెలకు 4,000 చొప్పున 15 ఏళ్లు చైల్డ్ ప్లాన్ కట్టమంటున్నారు. ఎఫ్‌డీ తీసి అందులో వేసేయమంటారా? మందులతో కలిపి నెల ఖర్చు 27,000. చీటీకి 5,000 కడుతున్నాం, అది ఇంకా 8 నెలలుంది.

జవాబు: వేయకండమ్మా. ఎఫ్‌డీ పాపకే వాడండి, కానీ ఆ ప్లాన్ ద్వారా మాత్రం వద్దు.

ముందు ఉద్దానం సంగతి. అక్కడ పెద్దవాళ్లకు తెలియకుండానే ఏళ్ల తరబడి కిడ్నీలు పాడవుతున్నాయి. మీ పాపకు వచ్చింది అది కాదు. పిల్లల్లో వచ్చే నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో మూత్రంలో ప్రొటీన్ పోయి ఒళ్లు వాస్తుంది. ఎక్కువమందికి స్టెరాయిడ్ మందులతో తగ్గుతుంది. జలుబో జ్వరమో వస్తే తిరగబెట్టవచ్చు, ఎదిగేకొద్దీ చాలామందిలో పోతుంది కూడా. మీ పాప విషయం మీ డాక్టరు గారే చెప్పాలి. నేను ఈ మాట ఎత్తింది ఖర్చు ఎలా వస్తుందో చూడటానికే. మందులు, మూత్ర పరీక్షలు, విశాఖ ప్రయాణాలు, ఎప్పుడైనా మూడు నాలుగు రోజుల ఆసుపత్రి. కొన్నేళ్లపాటు విడతలుగా వచ్చే ఖర్చు ఇది. అడిగిన రోజే చేతికందే డబ్బు ఉంటేనే దీన్ని తట్టుకోగలం.

చైల్డ్ ప్లాన్‌లో ఆ సౌకర్యం లేదు. అందులో బీమా ఉండేది సాధారణంగా తండ్రి ప్రాణానికి, పాప ఆసుపత్రి బిల్లుకు అది రూపాయి ఇవ్వదు. 15 ఏళ్లలో మీరు కట్టేది 7,20,000. మొదటి ఏళ్లలో ఆపేస్తే నష్టం మీదే. పన్ను మిగులుతుందని కూడా చెప్పే ఉంటారు. కొత్త పన్ను విధానంలో మీ జీతానికి కట్టాల్సిన పన్నే లేదు, ఇక మిగిలేదేముంది?

అందుకని 1,40,000లో 40,000 సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. మిగతా లక్షను ఒకే ఎఫ్‌డీగా కాకుండా నాలుగు పాతిక వేలుగా చేయండి, అవసరమైతే ఒక్కటే విరవొచ్చు. ఆరు నెలల ఖర్చు, అంటే 1,62,000 అయ్యేదాకా దీన్ని పెంచండి. చీటీ డబ్బును ఈ లెక్కలో కలపకండి. రిజిస్టర్ కాని చీటీ అయితే అది చేతికి వచ్చాకే మీ డబ్బు.

ఈ వారమే మీ ఆయన్ని కంపెనీ హెచ్‌ఆర్‌లో ఒక్క సంగతి కనుక్కోమనండి: గ్రూపు ఆరోగ్య బీమాలో పాప పేరు ఉందా? ఇలాంటి గ్రూపు పాలసీల్లో చాలావాటికి పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే కవరేజీ ఉంటుంది. మీ దగ్గరున్న అన్ని దారుల్లో ఇదే విలువైనది కావచ్చు. రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో కుటుంబానికి ఏడాదికి 25 లక్షల పరిమితి ఉంది. మీకు అర్హత ఉందో లేదో సచివాలయంలో, పాప చికిత్స అందులోకి వస్తుందో లేదో ఆసుపత్రి హెల్ప్‌డెస్క్‌లో అడగండి.

సొంతంగా కూడా ఫ్యామిలీ పాలసీకి దరఖాస్తు చేయండి. పాప జబ్బు ఉన్నదున్నట్టు రాయండి. కంపెనీ పాపను వద్దనవచ్చు, లేదా ఆ జబ్బుకు గరిష్ఠంగా 3 ఏళ్లు ఆగమనవచ్చు. ఆగమంటే ఒప్పుకోండి. ‘రాయక్కర్లేదు’ అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. దాచిపెట్టి తీసుకున్న పాలసీ బిల్లు చేతిలో ఉన్న రోజున చెల్లకుండా పోతుంది. అలాంటి కుటుంబాలు పడిన బాధ చూసి చెబుతున్నాను.

మీ ఆయన పేరున 50 లక్షల టర్మ్ పాలసీ, అంటే ఆయనకేదైనా జరిగితేనే ఇంటికి డబ్బిచ్చే బీమా, తీసుకోండి. ఇంటికి ఆయన జీతమే ఆధారం. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాల మీద జీఎస్టీ లేదు. బంగారం జోలికి ఇప్పుడు వెళ్లకండి. మరీ ఇబ్బందైతే పీఎఫ్‌లోంచి పాప వైద్యానికి కొంత తీసుకోవచ్చు.

ఇక ఒలింపిక్స్. ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు మీ ప్రాంతమంతా ఎంత పొంగిపోయిందో నాకు తెలుసు. మీ ఆయన కల ఎక్కడ మొదలైందో అడగక్కర్లేదు. ఆ కలను కొట్టేయమని నేను చెప్పను. నిరుటి నుంచి భయంతో బతుకుతున్న ఇంట్లో ముగ్గురూ కలిసి ఎదురుచూసేది ఒకటి ఉండాలి. కానీ లాస్ ఏంజెలిస్‌ను వదిలేయమంటాను. వీసాలు, విమానాలు, బస కలిపితే నా అంచనాలో ముగ్గురికి 10 లక్షలకు తగ్గదు. అక్కడ పాపకు తిరగబెడితే మామూలు ట్రావెల్ బీమా పాత జబ్బు ఖర్చు ఇవ్వదు.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌లో జరగబోతున్నాయి. వెయిట్‌లిఫ్టింగ్ ఉంది. పూరి నుంచి అహ్మదాబాద్ వెళ్లే రైలు మన విజయనగరం మీదుగానే పోతుంది. చీటీ అయిపోయాక ఇంకోటి వేయకుండా ఆ 5,000లో 2,000 పాప నిధికి, 3,000 ‘అహ్మదాబాద్’ పేరుతో బ్యాంకు ఆర్‌డీకి (నెలనెలా కట్టే డిపాజిట్) వేయండి. 36 నెలలకే అసలు 1,08,000 అవుతుంది. పోస్టాఫీసు ఆర్‌డీ వద్దంటాను. దానికి 5 ఏళ్ల గడువు, ముందే తీస్తే సేవింగ్స్ వడ్డీయే వస్తుంది. ఈలోగా పాపను నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడకు తీసుకెళ్లండి. ఆ ఊరి పిల్లలు బరువులు ఎత్తడం చూస్తే నాన్న ఎందుకంత ఇష్టపడతారో దానికీ తెలుస్తుంది.

రైలు టికెట్లు 60 రోజుల ముందు దొరుకుతాయి. డాక్టరు గారు సరేనన్నాకే తీయండి. ఆ వారం పాపకు బాగోకపోతే రద్దు చేసుకోండి, పోయేది కొద్ది మొత్తమే. ఆర్‌డీ డబ్బు అలాగే ఉంటుంది.